వేడిని చూసే దుర్భిణి

ఐర్లండ్‌లో ఎవరిని పలకరించినా "గ్రాండ్" అంటారు. కాలు విరిగినా గ్రాండే, కప్పు కారుతున్నా గ్రాండే. పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో డాక్టరుగా చేరి ఇన్నేళ్ళయినా లోహితకి ఇక్కడి వాన అలవాటు కాలేదు, ఇక్కడి టీ నచ్చలేదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం నాలుక్కి అంటుకుపోయింది. క్రిస్మస్ వెళ్ళిన పది రోజులకి తనకి కోవిడ్ అని తేలిన రోజున కూడా, దిండు చంకలో పెట్టుకుని, ఛార్జరు చేత్తో పట్టుకుని పెరట్లోకి నడుస్తూ, "గ్రాండ్‌గానే ఉన్నానండీ, మీరు కంగారు పడకండి" అంది. ఆ మాట వింటే మొగుడు రంగనాథ్‌కి ఒళ్ళు మండిపోయేది. బాగున్నానని చెప్పడానికి, బాగాలేనని దాచడానికి ఒకే మాట వాడే మనిషితో ఎలా వేగడం?

పెరటి చివర ఉన్నది గ్రానీ ఫ్లాట్. ఇంటి ఓనరు తన తల్లి కోసం కట్టించిన ఒంటిగది అది. ఓ మంచం, చిన్న స్నానాలగది, వంటింటి వెనక తలుపుకి సరిగ్గా ఎదురుగా నేలదాకా ఉన్న పెద్ద గాజు తలుపు. ఆవిడ పోయాక మొత్తం కలిపి వీళ్ళకి అద్దెకిచ్చాడు. సిటీవెస్ట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేసే రంగనాథ్ కిందటి మార్చిలో ఆఫీసు మూతపడ్డాక ఆ గదిలోనే కంప్యూటరు పెట్టుకున్నాడు. ఇప్పుడు గది లోహితకిచ్చేసి, కంప్యూటరు తెచ్చి పోపుల డబ్బా పక్కన పెట్టుకున్నాడు.

ఇంట్లో ఇక మిగిలింది పదేళ్ళ సాహితి. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం పోర్ట్‌లీష్ పిల్లల యాసలో ఇంగ్లిష్‌లో వస్తుంది. బడి కూడా కంప్యూటర్లోనే. తండ్రి మీటింగూ కూతురి లెక్కల క్లాసూ ఒకే బల్ల మీద జరిగేవి. మధ్యలో కుక్కరు కూసేది.

మొదటి నాలుగైదు రోజులూ బాగానే గడిచాయి. రంగనాథ్ పళ్ళెం తీసుకెళ్ళి గాజు తలుపు మెట్టు మీద పెట్టి వచ్చేవాడు. తలుపుకి గడియ వేసుకోవద్దని ముందే మాట తీసుకున్నాడు. జనవరిలో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. చీకటి పడగానే లోహిత గదిలో లైటు వేసి, తెర పైకి లాగి, గాజు వెనక నిలబడేది. వంటింటి మెట్టు మీద నుంచి సాహితి చెయ్యి ఊపేది. తల్లి తిరిగి ఊపేది. రోజు మొత్తానికి ఆ ఇంట్లో వాళ్ళు ఎదురుచూసేది దాని కోసమే.

ఆ తర్వాత తలనొప్పి మొదలైంది. వెలుతురు పడటం లేదని లోహిత తెర దించేసింది. రంగనాథ్ గంటకోసారి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, దగ్గు తగ్గిందా, కషాయం తాగావా. రెండో రోజు సాయంత్రానికి ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏవండీ, మీకో దణ్ణం. ఎంతుంది ఎంతుంది అని నన్నింక అడక్కండి."

"అడక్కపోతే నాకెలా తెలుస్తుంది?"

"పది నెలల్నించీ అందరికీ అంకెలు చెప్తానే ఉన్నానండీ. వార్డులో చెప్పాను, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి చెప్పాను. కాకినాడ నించి మీ పిన్ని ఫోన్ చేస్తే ఆవిడక్కూడా చెప్పాను. గ్రూపులో ఎవరికి తుమ్మొచ్చినా నాకే ఫోను. నన్ను పడుకోనివ్వండి. ఒక్క నాలుగు రోజులు నన్నెవరూ ఏమీ అడగొద్దు."

"మరి ఏదైనా అయితే?"

"నేను డాక్టర్నండీ. నాకు తెలీదా? నేనే చేస్తాగా." ఫోను ఆపేసింది. నిజంగానే స్విచాఫ్ చేసేసింది.

రంగనాథ్‌కి కోపం రాలేదు. జాలేసింది. ఏడాదిగా ఆ మనిషి ఇంటికొచ్చి కారులోంచి దిగకుండా స్టీరింగు మీద తలపెట్టుకుని కూర్చోవడం కిటికీలోంచి చాలాసార్లు చూశాడు. చూసి, లోపలికి వచ్చేదాకా అన్నం వేడిచేస్తూ ఉండేవాడు, అంతకన్నా ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, నిద్ర. అది కూడా ఇవ్వకపోతే తనేం మొగుడు?

ఇవ్వాలనే అనుకున్నాడు, కానీ ఒక్క పూటకే కాలుగాలిన పిల్లి అయిపోయాడు. పళ్ళెం ఖాళీగా వస్తే బాగున్నట్టు, సగం మిగిలితే బాలేనట్టు. పళ్ళేన్ని చూసి మనిషి సంగతి కనిపెట్టడం ఎన్నాళ్ళు? తలుపు తట్టి చూద్దామంటే పడుకున్న మనిషిని లేపినట్టవుతుంది. లోపలికి వెళ్దామంటే, తనకీ అంటుకుంటే సాహితిని చూసేదెవరు? ఐదు కిలోమీటర్లు దాటి ఎవరూ రాకూడని రోజులవి.

అలాంటప్పుడే సిటీవెస్ట్‌లో ఉండే గురుమూర్తి పాత ఆఫీసు గ్రూపులో ఓ ఫోటో పెట్టాడు. కొత్తగా కొన్న థర్మల్ కెమెరాతో తన పెరడు తీశాడు. అంతా నల్లగా ఉంది, గోడ పక్కన పొదలో తెల్లగా ఓ నక్క. రంగనాథ్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఇదేంటండీ గురుమూర్తి గారూ, ఇంత చీకట్లో ఎలా దొరికింది?"

"ఆయ్, దీనికి వెలుతురుతో పన్లేదండి. వేడి చూస్తాదిది. ఒంట్లో వేడుంటే చాలు, ఎక్కడ నక్కినా పట్టేస్తాది."

"తెర వెనకాల మనిషున్నా?"

"గోడవతలున్నా కనిపిస్తారని మా తమ్ముడంటున్నాడండి. నేనైతే నక్కనే చూశాను." గురుమూర్తి నవ్వాడు. "ఎందుకండీ, ఎవర్ని పట్టుకుంటారు?"

"ఏం లేదు, ఊరికే అడిగాను."

ఊరికే కాదు. ఆ పూట సాహితిని పడుకోబెట్టీ పెట్టకముందే కంప్యూటరు తెరిచాడు. లోహితని లేపకుండా, అడక్కుండా, ఆవిడ మంచం మీదుందో లేచి తిరుగుతోందో చూసుకోవచ్చు. ఆవిడ నిద్ర ఆవిడకి ఉంటుంది, తన ధైర్యం తనకి ఉంటుంది. ఇంతకన్నా మంచి ఉపాయం ప్రపంచంలో ఉండదనిపించింది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి తెలిసిందే. మిక్సీ కొనాలన్నా పట్టిక గీస్తారు. రంగనాథ్ ఏకంగా టెస్టరు, పైగా భయంలో ఉన్నాడు. పట్టిక అడ్డంగానూ నిలువుగానూ పెరిగిపోయింది. విమానాశ్రయాల్లో జ్వరం చూసే కెమెరాలు కార్ల ధర పలుకుతున్నాయి, వాటిని కొట్టేశాడు. ఫోనుకి తగిలించుకునే బుడ్డవి చవగ్గా ఉన్నాయి గానీ, అవి గోడలోంచి చలి ఎక్కడ దూరుతోందో దగ్గరగా పెట్టి చూడటానికే పనికొస్తాయి. తుపాకీకి బిగించేవి ఉన్నాయి, వాటిని కొంటే గార్డులొచ్చి తలుపు కొడతారేమోనని, ఇక్కడ పోలీసుల్ని అలా అంటారు, ఆ వైపే పోలేదు. మిగిలింది చేత్తో పట్టుకుని ఒంటికంటితో చూసే దుర్భిణి. అందులోనూ బొమ్మ స్పష్టంగా కనిపించేవి తన తాహతుకి మించి ఉన్నాయి. అన్నింటికన్నా కింద రకంలో బొమ్మ మసక, మనిషి ముక్కూ మొహం తెలీవు, ఆకారం తెలుస్తుంది. ఎదురుగా పెరటంత దూరంలో ఉన్న భార్యని పోల్చుకోవడానికి ఆకారం చాలదా?

కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ చదివాడు. రాసిందంతా వేటగాళ్ళు, రైతులు, గుడ్లగూబల్ని వెతికేవాళ్ళు. అడవిపంది ఎంత దూరాన కనిపిస్తుందో, కుందేలు ఎంత దూరాన కనిపిస్తుందో రాశారు. పెళ్ళాం ఎంత దూరాన కనిపిస్తుందో ఒక్కడూ రాయలేదు. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, వానలో తడిస్తే పాడవుతుందా, మనిషి కదిలితే బొమ్మ ఎంత ఆలస్యంగా కదులుతుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, అన్నింటికీ ఓ గడి పెట్టాడు. కొత్త సంవత్సరం నుంచి బ్రిటన్ పార్సిళ్ళు కస్టమ్స్‌లో ఇరుక్కుంటున్నాయని విని, హాలండ్‌లోని ఓ దుకాణం ఎంచుకున్నాడు. గాజు గురించి మాత్రం ఒక్క గడి కూడా పెట్టలేదు. గాజులోంచి కనపడదని ఎవరికి తోస్తుంది? కంటికి కనిపిస్తుంది కదా.

దుర్భిణి మూడో రోజుకే వచ్చింది. కొరియరు కుర్రాడు గుమ్మంలో పెట్టి, దూరంగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. రంగనాథ్ దాన్ని తన పద్ధతి ప్రకారమే పరీక్షించాడు. సాహితి మొహం చూశాడు, తెల్లగా వెలిగింది, ముక్కు కొస ఒక్కటే నల్లగా చల్లగా ఉంది. కెటిల్ చూశాడు. బల్ల మీద అరచెయ్యి ఆనించి తీస్తే, చెయ్యి తీసేశాక కూడా దాని ముద్ర కాసేపు వెలుగుతూ ఉండిపోయింది. పక్కింటివాళ్ళ పిల్లి కంచె కింద దాక్కుంటే అదీ దొరికింది. అన్నీ సరిగ్గా పనిచేశాయి.

చీకటి పడ్డాక కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వెనక తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాడు. ఎదురుగా గది చీకటిగా ఉంది, తెర దించే ఉంది. దుర్భిణి కంటికి ఆనించుకున్నాడు. పెరడంతా నల్లటి బూడిద రంగు. గాజు తలుపు అంతకన్నా నల్లటి చట్రంలా ఉంది. దాని నడుమ, కాస్త వెనగ్గా, తెల్లగా ఓ మనిషి నిలబడి ఉంది.

లేచింది! నిలబడింది! శాలువా కప్పుకున్నట్టుంది, ఒళ్ళు కాస్త లావుగా కనిపిస్తోంది. ఓ చెయ్యి మొహం దగ్గర పెట్టుకుంది, అక్కడ నల్లగా ఉంది. మాస్కు సర్దుకుంటోంది కాబోలు, ఒక్కతే ఉన్న గదిలో కూడా మాస్కు, ఈ మనిషి చాదస్తం చావదు కదా అనుకున్నాడు. ఖాళీగా ఉన్న చెయ్యి మెల్లిగా పైకెత్తి ఊపాడు. ఆవిడ కూడా ఎత్తింది. ఊపింది.

అతనికి ఏడుపొచ్చింది. చీకటి పడగానే తెర దగ్గరికొచ్చి నిలబడటం మర్చిపోలేదు, వెలుతురు పడక తెర తీయలేకపోయినా తమ కోసం వచ్చి నిలబడుతోంది. లోపలికొచ్చి సాహితితో, "అమ్మ చెయ్యి ఊపిందే" అని చెప్పి, లోహిత ఫోనుకి ఓ మెసేజ్ పెట్టాడు. "నిన్ను చూశాను. నువ్వు లేచి నిలబడి చెయ్యి ఊపావు. చాలు. ఇంక నిన్నేమీ అడగను. హాయిగా పడుకో." ఫోను తెరిచినప్పుడు చూసుకుంటుందిలే అనుకున్నాడు.

అప్పట్నించి అతనికి నిద్ర పట్టింది. సాయంత్రం చూసేవాడు, ఉండేది. అన్నాలు తిన్నాక ఓసారి చూసేవాడు, అప్పుడూ ఉండేది. తనే ముందు చెయ్యి ఎత్తేవాడు, ఆవిడ బదులు ఊపేది. కాకినాడ నుంచి పిన్ని ఫోన్ చేస్తే, "లేచి తిరుగుతోంది పిన్నీ, గ్రాండ్" అన్నాడు. అన్నాక, ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనే నవ్వుకున్నాడు.

పళ్ళేలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. ఓ రోజు పెరుగన్నం సగం మిగిలింది. మర్నాడు చారు తాగింది, అన్నం ముట్టలేదు. ఆ మర్నాడు పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది, మీద కప్పిన మూత మీద వాన నీళ్ళు నిలిచాయి. ఇంతకుముందైతే ఆ పళ్ళేన్ని చూడగానే పరిగెత్తేవాడు. ఇప్పుడు నోటికి రుచి పోయింది పాపం అనుకున్నాడు. మనిషి నిలబడుతోంది, చెయ్యి ఎత్తుతోంది, ఒంట్లో సత్తువ లేకపోతే అలా నిలబడుతుందా? పళ్ళెం తెచ్చి, మినప్పిండి జావ కాచి, అది పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం సాహితి అతని కోటు పట్టుకుని వదల్లేదు. రోజూ చలి, వద్దు, ఇది ఆడుకునేది కాదు అని లోపలే కూర్చోబెడుతున్నాడు. పిల్లకి తల్లిని చూసి ఎన్ని రోజులైందో.

"ప్లీజ్, డాడీ. ఐ జస్ట్ వాంట్ టు సీ అమ్మ."

"సరే, టోపీ పెట్టుకో. ఒక్క నిమిషం చూసి లోపలికెళ్ళిపోవాలి."

ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కన నిలబడ్డారు. రంగనాథ్ దుర్భిణి కూతురి కంటికి పెట్టి, ఎలా పట్టుకోవాలో చూపించి, వదిలాడు. సాహితి కాసేపు అటూ ఇటూ వెతికింది. తర్వాత కదలకుండా ఉండిపోయింది.

"కనిపించిందా అమ్మ?"

"యా." పిల్ల గొంతులో ఏదో అనుమానం. "బట్ హూ ఈజ్ దట్ విత్ హర్?"

"ఎవరే? ఎవరూ ఉండరు. అమ్మొక్కతే."

"నో, డాడీ. దేర్స్ టూ ఆఫ్ దెమ్. ఎ బిగ్ వన్ అండ్ ఎ స్మాల్ వన్."

రంగనాథ్ దుర్భిణి లాక్కున్నాడు. చూశాడు. నల్లటి గాజులో తెల్లగా ఇద్దరు నిలబడి ఉన్నారు. మొహం మీద చెయ్యి పెట్టుకున్న పెద్ద మనిషి, పక్కన ఛాతీదాకా వచ్చే చిన్న మనిషి.

"సాహితీ, చెయ్యెత్తు." సాహితి చెయ్యి ఎత్తింది. చిన్న మనిషి చెయ్యి ఎత్తింది. "దించు." దించింది. "లోపలికెళ్ళమ్మా. వెళ్ళు, వెళ్ళమన్నానా!" తలుపు చప్పుడైంది. గాజులో పెద్ద మనిషి ఒక్కడే మిగిలాడు.

పదిహేనేళ్ళుగా టెస్టింగే తిండి పెడుతోంది అతనికి. ఏది ఉండాలో అది ఉందా అని చూడటం సగం పనేనని, ఏది ఉండకూడదో అది లేదని చూడటం మిగతా సగమని కొత్తగా చేరిన పిల్లలకి తనే పాఠం చెబుతాడు. ఖాళీ గదిని ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. దుర్భిణిని ఇంటి కిటికీ వైపు ఒక్కసారి తిప్పి ఉంటే తెలిసేది. ఇన్ని సాయంత్రాలూ తన ఒంటి వేడే ఆ చల్లటి గాజుకి తగిలి, అద్దంలోలా వెనక్కొచ్చింది. తనకి తనే చెయ్యి ఊపుకుని, తనకి తనే ధైర్యం చెప్పుకుని, హాయిగా పడుకున్నాడు. మరి లోపల మనిషి?

దుర్భిణి ఎక్కడ పడేశాడో తెలీదు. తడి గడ్డి మీద జారుతూ పరిగెత్తాడు. మెట్టు మీద మినప్పిండి జావ గడ్డకట్టి ఉంది. గాజు తలుపు పక్కకి లాగి, తెర లాగేసి, లైటు వేశాడు.

లోహిత మంచం మీద ఓ పక్కకి ఒత్తిగిలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. మెట్లెక్కి వచ్చిన మనిషిలా గబగబా ఊపిరి తీస్తోంది, కానీ మొహంలో బాధ లేదు, ఉత్త అలసట ఉంది. వేలికి తగిలించుకునే ఆక్సిజన్ మీటరు దిండు పక్కన పడి ఉంది. రంగనాథ్ దాన్ని ఆమె వేలికి పెట్టాడు. డెబ్బై తొమ్మిది చూపించింది.

"మాస్కు," అంది లోహిత. "మాస్కు పెట్టుకోండి... సాహితి తిందా?"

"తింది. లేచి కూర్చో లోహితా. నా వైపు చూడు."

"నిద్రొస్తోందండీ. కాస్త పడుకుంటాను, ఏం పర్లేదు." ఆ తర్వాత అనబోయిన మాట రంగనాథ్‌కి తెలుసు. అది రాకముందే ఫోను తీసి అంబులెన్సుకి చేశాడు.

నీలం గౌన్లు వేసుకున్న ఇద్దరు వచ్చి ఆమె మొహానికి ఆక్సిజన్ పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి పెరటి గుండా తీసుకుపోయారు. వెంట రావడానికి వీల్లేదన్నారు. సాహితి వంటింటి మెట్టు మీదే నిలబడి చూసింది. తల్లి దాని పక్కనుంచే వెళ్ళింది గానీ దాన్ని చూడలేదు. పిల్ల సగం ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు, ఫోను మోగడం, మోగకపోవడం అంతే. తండ్రీకూతుళ్ళిద్దరూ గడప దాటకూడదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వార్డు నుంచి నర్సు చేసేది. అందరూ లోహిత తోటి పనిచేసినవాళ్ళే, పేరు పెట్టి చెప్పేవాళ్ళు. ఓ రోజు బాగోలేదన్నారు. ఇంకో రోజు నిన్నలాగే ఉందన్నారు. రంగనాథ్ అన్నం వండేవాడు, తినిపించేవాడు, మీటింగుల్లో తన పేరు పిలిస్తే పలికేవాడు. దేవుడి గూట్లో దీపం పెట్టి ఏం కోరుకోవాలో తోచక అలాగే నిలబడేవాడు. ఆక్సిజన్ తగ్గిస్తున్నామని చెప్పిన రోజున సంతోషించడానికి కూడా ఓపిక లేక, బల్ల మీద తలపెట్టి పడుకున్నాడు.

దుర్భిణి గడ్డిలో దొరికింది. తుడిచి వంటింటి అల్మారాలో, పప్పుల డబ్బాల వెనక పడేశాడు. నచ్చకపోతే వెనక్కి పంపే గడువు ఇంకా ఉంది గానీ, ఏమని రాసి పంపాలి? దానిలో ఏ లోపమూ లేదు. గురుమూర్తి ఎలా పనిచేస్తోందని గ్రూపులో అడిగాడు. "నక్కలకి బాగుంటుంది. గాజవతల మనిషి కనిపించడు, తెలీనివాళ్ళకి చెప్పండి," అని రాశాడు. గురుమూర్తికి సంగతేమిటో అర్థం కాలేదు, దణ్ణం పెట్టే బొమ్మ మాత్రం పంపాడు.

ఓ మధ్యాహ్నం లోహితే ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. రంగనాథ్ జరిగిందంతా చెప్పేశాడు. దుర్భిణి కొనడం, పట్టిక గీయడం, రోజూ మెట్టు మీద నిలబడటం, ఏదీ దాచలేదు.

"అయితే ఇన్నాళ్ళూ ఎవరికి ఊపారండీ చెయ్యి?"

"నాకే."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"నవ్వకు, నాకు చచ్చిపోవాలని ఉంది."

"మీ మెసేజ్ చూశానండీ." గొంతు మారింది. "ఫోను ఆన్ చేసి మీకు చేద్దామనే అనుకున్నాను ఆ రోజు. ఊపిరాడట్లేదనిపించింది. చూస్తే మీ మెసేజ్ ఉంది, లేచి నిలబడి చెయ్యి ఊపావని. నేను లేచినట్టు నాకు గుర్తే లేదు. కానీ మీరు చూశానన్నారుగా. లేచే ఉంటాను, జ్వరంలో మర్చిపోయుంటాను అనుకున్నాను. మరీ అంత బాలేకపోతే నిలబడలేను కదా అని, మళ్ళీ పడుకున్నాను."

రంగనాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన ధైర్యం కోసం తను అల్లుకున్న అబద్ధాన్ని ఆమెకి కూడా అంటించాడు. డాక్టరయ్యుండి, తన ఒంటి కంటే తన మొగుడి మాటే నమ్మింది.

"నాది కూడా తప్పేనండీ," అంది లోహిత. "అడగొద్దన్నాను. అడగండి. నేను కసిరినా అడగండి."

గడప దాటకూడదన్న గడువు తీరి, పరీక్షలో తమకి ఏమీ లేదని తేలాక, తండ్రీకూతుళ్ళు ఆసుపత్రికి వెళ్ళారు. లోపలికి రానివ్వరు. కారు పార్కింగ్‌లోంచి చూడొచ్చని నర్సు చెప్పింది, పై అంతస్తులో ఎడమ చివరి కిటికీ. చీకటి పడుతోంది. సన్నగా వాన. ఆ వరసలో ఉన్న కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయి, దీపాల వెలుగులో లోపల ఎవరెవరో కదులుతున్నారు. సాహితి అప్పుడే రెండు చేతులూ పైకెత్తి ఊపబోయింది. రంగనాథ్ ఆపాడు.

"ఆగమ్మా. జేబులో పెట్టుకో చేతులు."

"వై?"

"పెట్టుకో, చెప్తాను." తను కూడా రెండు చేతులూ కోటు జేబుల్లోకి దోపి, మెడతో ఫోను పట్టుకున్నాడు. "లోహితా, కిందే ఉన్నాం. తెల్ల వ్యాను పక్కన."

"కనిపిస్తున్నారు. ఊపండి."

"నేను ఊపను. నా చేతులు జేబుల్లో ఉన్నాయి, సాహితివి కూడా. ఇవాళ ముందు నువ్వే ఊపాలి."

ఫోనులో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, నెమ్మదిగా. రంగనాథ్ తల పైకెత్తి ఎడమ చివరి కిటికీని చూస్తూ ఉన్నాడు. వాన చుక్కలు కళ్ళలో పడుతున్నా తుడుచుకోవడానికి చేతులు బయటికి తీయలేదు. కిటికీలో ఓ ఆకారం గాజు దగ్గరికి వచ్చింది. ఓ చేత్తో చట్రం పట్టుకుంది, రెండో చెయ్యి భుజందాకా లేపి, అలిసిపోయి దించేసింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి ఊపింది.

కింద ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పైన చెయ్యి ఊగుతూనే ఉంది. రంగనాథ్ ఇంకాసేపు అలాగే నిలబడి, ఆ చెయ్యి తనది కాదని నమ్మకం కుదిరాక, సాహితితో "ఇప్పుడు ఊపమ్మా" అన్నాడు.